సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు: అప్పు చేయకుండా పండుగ చేయడం ఎలా?

సంక్రాంతి ఖర్చు ఎందుకు చేయి దాటుతుందని అడిగితే నూనె ధర, పప్పుల ధర, పూల ధర చెబుతాం. అవి పెరిగిన మాట నిజమే. కానీ పండుగ వెళ్లాక పద్దులు ముందేసుకుని కూర్చుంటే కిరాణా కొట్టు చీటీ కంటే పెద్దదిగా కనిపించేది మొహమాటం. "అక్క వాళ్లింట్లో ఏడు రకాలు పెట్టారు, మనం నాలుగు పెడితే ఏమనుకుంటారో" అన్న భయానికి మూడు రకాలు స్వీటు షాపు నుంచి వస్తాయి. "పేరంటానికి వచ్చినవాళ్లకు ఉత్త తాంబూలమేనా" అన్న సంకోచానికి పాతిక ప్లాస్టిక్ డబ్బాలు వస్తాయి. చుట్టాలను తగ్గించకుండా, వాళ్ల కడుపు మాడ్చకుండా ఆ మొహమాటాన్ని ఒక్కొక్క చోట ఎలా కోయాలో ఇక్కడ చెబుతాను.

లెక్కకు వీలుగా ఒక ఇంటిని అనుకుందాం. మీవాళ్లతో కలిపి 8 మంది పెద్దలు, 4 పిల్లలు. భోగి ముందు రోజు రాత్రికి చేరతారు, ముక్కనుమ ఉదయం బయలుదేరతారు. కనుమ నాడు కాకైనా కదలదని సామెత ఉంది కాబట్టి ఆ సాయంత్రమే అందరూ వెళ్లిపోతారన్న ఆశ పెట్టుకోకండి. ముక్కనుమ పొద్దున టిఫినూ, దారిలో తినే పొట్లాలూ మీ లెక్కలోనే ఉండాలి.

తలల లెక్క నవంబరులోనే

రైలు రిజర్వేషన్లు ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతాయి. 2024 నవంబరుకు ముందు ఇది 120 రోజులు ఉండేది. అంటే జనవరి 12, 13 తేదీల టికెట్ల సంగతి నవంబరు రెండో వారంలోనే తేలిపోతుంది. ఫోను చేయవలసిన సమయం అదే. "పండక్కి వస్తున్నారు కదా?" అని ఊరుకోకుండా ఏ రోజు దిగుతారు, తిరుగు టికెట్టు ఏ రోజుకు తీశారు అని కూడా అడగండి. తిరుగు ప్రయాణం గురించి అడిగితే వెళ్లగొడుతున్నట్టు ఉంటుందేమోనని మనవాళ్లు జంకుతారు. "పొట్లాలు కట్టాలి కదా, అందుకే అడుగుతున్నా" అంటే ఎవరూ తప్పు పట్టరు.

ముందు మొత్తం, తర్వాత పద్దులు

చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు జాబితా రాస్తారు, కొంటారు, చివర్లో మొత్తం చూసి గుండె పట్టుకుంటారు. మీరు ముందు మొత్తం రాయండి. మన ఇంటికి 10,000 రూపాయలు అనుకుందాం. మూడున్నర రోజుల వంటకూ పిండివంటలకూ 6,000. పూజ, పూలు, పేరంటం 1,000. పిల్లల చేతి డబ్బులు, ఆడపడుచు పసుపు కుంకాలు 1,500. హరిదాసు, గంగిరెద్దులవాళ్లు, బుడబుక్కలవాళ్లు, చిల్లర ఖర్చు 300. మిగిలిన 1,200 ముట్టుకోని డబ్బు. ఆటోలు, ఉన్నట్టుండి జ్వరం, అనుకోకుండా దిగిన మరో ఇద్దరు చుట్టాలు దాని మీదే బతుకుతారు.

వంట పద్దు 6,000 చాలదని అనిపించవచ్చు. కొలతలు చూద్దాం. మూడున్నర రోజులకు పన్నెండు మందికి 10 కిలోల బియ్యం సరిపోతుంది. పిండివంటల బియ్యం దీనికి అదనం. కందిపప్పు 2 కిలోలు, మినప్పప్పు 2 కిలోలు, శనగపప్పు కిలో, బెల్లం 4 కిలోలు, నూనె 5 లీటర్లు, నెయ్యి అర కిలో, పాలు రోజుకు 3 లీటర్లు, కనుమకు కోడి మాంసం 3 కిలోలు. ఇక కూరగాయలు. మీ ఊరి ధరలతో గుణించి చూడండి. మధ్యతరగతి కిరాణా కొట్టు ధరల్లో ఇది ఆ మొత్తానికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. దాటిందంటే దాదాపు ప్రతిసారీ దోషం నెయ్యిది, జీడిపప్పుది. పొంగలిలో జీడిపప్పు బద్దలు వేసినా రుచి అదే. పరవాన్నంలో ఎండు కొబ్బరి ముక్కలు వేయించి వేస్తే పిల్లలకు ఆ కరకర ఇంకా నచ్చుతుంది.

కొత్త బట్టలను ఈ 10,000లో కలపకండి. బట్టలు వేరే లెక్క. రెండూ ఒకే జేబులోంచి పోతుంటే ఏది ఎంత తిన్నదో ఎప్పటికీ తెలియదు.

"ఏం తెమ్మంటారు?" అని అడిగితే జవాబు చెప్పండి

మొత్తం పండుగలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చే మాట ఇక్కడ ఉంది. చుట్టాలు ఫోనులో "ఏమైనా తెమ్మంటావా?" అని అడుగుతారు. మనం వెంటనే "అయ్యో, ఏమీ వద్దు, మీరు వస్తే చాలు" అంటాం. వాళ్లు ఖాళీ చేతులతో రాలేక దారిలో కిలో స్వీట్లు, రెండు కిలోల ఆపిల్ పళ్లు కొంటారు. అలా నాలుగు కుటుంబాలు నాలుగు స్వీటు పెట్టెలు తెస్తాయి. అవి తినలేక ముక్కనుమ నాటికి సగం పారేస్తాం. వాళ్ల డబ్బు పోయింది, మన డబ్బు మిగల్లేదు.

జవాబు సిద్ధంగా పెట్టుకోండి. "వదినా, సున్నుండలు నువ్వే చేసి తీసుకురా, నీ చేతికి ఆ రుచి వస్తుంది. ఇరవై చాలు" అనండి. ఎన్ని అన్నది చెప్పడం ముఖ్యం. చెప్పకపోతే అరవై చేసుకొస్తుంది, మళ్లీ అదే తంతు. "బావగారూ, మీ ఊళ్లో చెరకు బాగుంటుంది కదా, నాలుగు గడలు తెస్తారా?" అంటే ఆయనకూ సంతోషమే. ఇదే ఊళ్లో ఉన్న తమ్ముడైతే మూడు రోజుల పాలూ పెరుగూ అతని వంతు. అత్తయ్యగారిని డబ్బు అడగనక్కర్లేదు. "ఈసారి అరిసెల పాకం మీరే చూడాలి అత్తయ్యగారూ" అంటే చాలు. పాకం ముదిరి కిలో బియ్యప్పిండి పాడైపోకుండా ఉండటం చిన్న ఆదా కాదు.

డబ్బు పంచుకునే సంగతి అన్నదమ్ముల మధ్య అయితే మాట్లాడవచ్చు. ఏటా ఒకే ఇంట్లో పండుగ జరుగుతుంటే మాట్లాడి తీరాలి. అమ్మానాన్న ఆ ఇంట్లో ఉన్నారు కాబట్టి అందరూ అక్కడికే వస్తారు. ఖర్చు మాత్రం ఆ ఒక్క కొడుకుదే అవుతుంది. దీన్ని పండుగ రోజు భోజనాల దగ్గర ఎత్తకండి. డిసెంబరు మొదట్లో ఫోనులో, "బియ్యం, పప్పు నేను చూసుకుంటా, కనుమ ఖర్చు నీది అన్నయ్యా" అన్నంత సూటిగా అనేయండి. రూపాయల్లో పంచుకుంటే లెక్కలు, అలకలు వస్తాయి. పూటల్లో పంచుకుంటే రావు.

పిండివంటలు: రెండు తీపి, రెండు కారం

ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఆదా అయ్యేదీ ఇక్కడే, వృథా అయ్యేదీ ఇక్కడే. నాలుగు రకాలు చాలు. అందులో రెండు మాత్రమే మీ ప్రాంతపు పెద్ద వంటలుగా పెట్టుకుని, మిగతా రెండు తేలికవి ఎంచుకోండి.

కోస్తాలో అయితే అరిసెలు తప్పవు. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం లెక్క. చేతివాటాన్ని బట్టి 40 నుంచి 45 అరిసెలు వస్తాయి. పన్నెండు మందికి మూడు రోజులకూ, ఇరుగుపొరుగుకు పంచడానికీ కిలోనే సరిపోతుంది. సన్న బియ్యం అక్కర్లేదు, రేషన్ బియ్యమైనా కొత్తవైతే మంచివే. ముందు రోజు నానబోసి, మధ్యలో రెండు మూడు సార్లు నీళ్లు మార్చి, వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. పండుగ వారంలో పిండి మర దగ్గర బారులు ఉంటాయి. తడిపిండి నిల్వ ఉండదు కాబట్టి మర తెరిచే వేళకే వెళ్లండి, లేదా కిలోయే కదా, ఇంట్లో మిక్సీలో వేసి జల్లించుకోండి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే చేతికి ఉండలా రావాలి. రాకముందే పిండి కలిపితే నూనెలో విచ్చిపోతాయి, దాటిపోతే రాళ్లవుతాయి. వేయించాక రెండు చెక్కల మధ్య గట్టిగా నొక్కితే దిగే నూనె కింద గిన్నెలో పడుతుంది. ఆ నూనె మళ్లీ బాండీలోకే.

తెలంగాణలో అయితే సకినాలు. ఆదా లెక్కలో వీటిని మించిన పండుగ వంట నాకు కనిపించలేదు. కొత్త బియ్యప్పిండి, కిలోకు 200 గ్రాముల నువ్వులు, వాము, ఉప్పు, అంతే. నెయ్యి లేదు, పాకం లేదు, పప్పు లేదు. వీటికి కావలసింది మనుషులు. బట్ట పరిచి వరుసగా సకినాలు చుట్టాలంటే ఒక్కరి వల్ల కాదు, వాడకట్టు ఆడవాళ్లు ఒకరింటికి ఒకరు వెళ్లి చుట్టిపెట్టే పద్ధతి అందుకే వచ్చింది. అపార్ట్‌మెంట్లలో ఇది పోతోంది. మీ అంతస్తులో నాలుగు ఇళ్లుంటే ఒక మధ్యాహ్నం మీ ఇంట్లో, మరొక మధ్యాహ్నం వాళ్లింట్లో అని మాట్లాడుకోండి. కూలి మనిషిని పెట్టుకునే ఖర్చు తప్పుతుంది. ఆ కబుర్లు పండుగలో భాగమే.

మిగతా రెండింటిలో ఒకటి జంతికలు. నాలుగు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు శనగపిండి, లేదా దోరగా వేయించి పట్టించిన మినప్పిండి. బాగా కాగిన నూనె రెండు గరిటెలు పిండిలో పోసి కలిపితే వెన్న లేకుండానే గుల్లగా వస్తాయి. రెండోది నువ్వుండలో పల్లీ ఉండలో పెట్టుకోండి. బాండీ పెట్టే పని లేదు, నూనె చుక్క అక్కర్లేదు. నువ్వులు ధర ఎక్కువగా ఉంటే సగం నువ్వులు, సగం పల్లీలు కలిపి ఉండలు చుట్టండి. సంక్రాంతికి నువ్వులు తినాలన్న ఆచారమూ నెరవేరుతుంది.

వేయించే వరుస కూడా నూనెను మిగులుస్తుంది. మొదట జంతికలు, తర్వాత సకినాలో చేగోడీలో, చివర్లో అరిసెలు. అరిసెల నుంచి రాలిన నువ్వులూ బెల్లమూ నూనెను నల్లబరుస్తాయి, ముందు అవి వేయిస్తే మిగతావన్నీ మాడు వాసన కొడతాయి. వెడల్పు బాండీ కంటే లోతైన చిన్న మూకుడు మంచిది. తక్కువ నూనెలో పని జరుగుతుంది. మిగిలింది పలుచని బట్టలో వడగట్టి, నాలుగైదు రోజుల్లో కూరల్లో వాడేయండి. మళ్లీ మళ్లీ కాచి వేపుళ్లు చేయకండి.

పండుగకు వారం ముందు ఈ పనులన్నీ అయిపోవాలి. డబ్బాలో పెట్టిన రోజే సగం తీసి వేరే డబ్బాలో వేసి అటక మీద పెట్టండి. లేకపోతే భోగి నాటికి మీ ఇంటి పిల్లలే సగం ఖాళీ చేస్తారు, అప్పుడు స్వీటు షాపుకు పరుగెత్తాలి. పిండివంటలు కొనడమే తప్పని నేను అనను. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో సెలవు పెట్టి అరిసెలు వండటం చౌక కాదు. కొనాలనుకుంటే ఒక్క రకమే కొనండి. ఊళ్లో ఇంటి దగ్గర వండి అమ్మే ఆడవాళ్ల దగ్గర డిసెంబరులోనే చెప్పి పెట్టుకోండి.

ఏ రోజు ఏం వండాలి

భోగి నాడు తెల్లవారుజామున మంట ఎలాగూ వేస్తారు. దాని మీదే పెద్ద బిందెలతో నీళ్లు కాచండి. పన్నెండు మంది తలంటు స్నానాలకు గ్యాసు, గీజరు కరెంటు మిగులుతాయి, పాత ఆచారమూ అదే. మంటలో ఎండు కట్టెలు, పిడకలు వేయండి. టైర్లు, ప్లాస్టిక్ వద్దు, ఆ పొగ పీల్చేది మీ పిల్లలే. మధ్యాహ్నానికి పులగం, వంకాయ చిక్కుడుకాయ కూర, నువ్వుల పొడి, పెరుగు. బియ్యం, పెసరపప్పుతో అయిపోయే వంట ఇది. పండుగ మొదటి రోజే ఇంత సాదాగానా అని ఎవరైనా అంటే, భోగికి పులగమే కదా అనండి. ఆచారం ఇంత చవకగా కలిసొచ్చే రోజు మళ్లీ దొరకదు.

పెద్ద పండుగ నాడు చక్కెర పొంగలి లేదా పరవాన్నం, పులిహోర, పప్పు, చిక్కుడుకాయ కూర, గుమ్మడికాయ దప్పళం, పెరుగు. ఓపిక ఉంటే బొబ్బట్లు. కిలో శనగపప్పు, కిలో బెల్లం పూర్ణానికి 60 దాకా వస్తాయి, అర కిలో చేసుకుంటే మన ఇంటికి చాలు. పులిహోరకు కిలో బియ్యం పన్నెండు మందికి దండి. పప్పు మనిషికి 40 గ్రాములు మించి వద్దు, పక్కన దప్పళం ఉంది. జనవరిలో చిక్కుడు, వంకాయ, గుమ్మడి, చిలగడదుంప, క్యాబేజీ, టమాటా పుష్కలంగా వస్తాయి. దొరికే కాలంలో దొరికేవి వండితే కూరగాయల సంచి తేలిగ్గా పడుతుంది. పండుగ నాడు పనీర్, పుట్టగొడుగుల కూర ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

కనుమకు మినుము తినాలంటారు, కాబట్టి గారెలు. కిలో మినప్పప్పుకు 80కి పైగా వస్తాయి. గ్రైండరు ఆన్ చేసేముందు లెక్క వేసుకోండి, మనిషికి అయిదు చొప్పున ముప్పాతిక కిలో పోస్తే సరిపోతుంది. మిగిలిన గారెలు సాయంత్రం పెరుగులో వేస్తే ఆవడలు. మాంసం తినే ఇళ్లలో నాటుకోడి మీద పట్టుదల ఉంటుంది, బ్రాయిలర్‌తో పోలిస్తే దాని ధర రెండింతలకు పైనే. ఒక నాటుకోడి పులుసు పెట్టి, మిగతాది బ్రాయిలర్ వేపుడు చేయండి. గారె ముంచుకోవడానికి కావలసింది పులుసే. వేటమాంసం కావాలంటే గోంగూరతోనో, తెలంగాణ పద్ధతిలో దోసకాయతోనో వండితే కిలోన్నర మాంసం పన్నెండు మందికి వస్తుంది. కనుమ పొద్దున మాంసం కొట్ల దగ్గర జనం చూసి ధర అడగకుండా కొనేస్తాం, అందుకే ముందు రోజే చెప్పి పెట్టుకోండి. శాకాహారులకు గారెలు, అల్లం పచ్చడి, ముక్కల పులుసు చాలు.

కనుమ నాటి మందు గురించి కూడా చెప్పాలి. అది ఇంటివాళ్ల పద్దు కాదు. ఆ ఖర్చు తాగేవాళ్లే పంచుకుంటారు. బావమరిది మొహం చూసి మీరు కొంటే ఆ ముట్టుకోని 1,200 ఒక్క సాయంత్రంలో పోతుంది.

వంటింట్లో ఒక్కరే మిగలకూడదు

ఇంట్లో వండితే చవక అన్న మాటలో ఒక మోసం ఉంది. ఇల్లాలి శ్రమకు వెల కట్టం కాబట్టి అది చవకగా కనిపిస్తుంది. మూడు రోజులూ ఆమె పొయ్యి దగ్గరే ఉంటే మిగిలిన డబ్బుకు అర్థం లేదు. ఇక్కడా అడ్డం వచ్చేది మొహమాటమే, వచ్చిన చుట్టాలకు పని చెప్పడమా అని. చెప్పండి. కూరగాయలు తరగడం, కొబ్బరి తురమడం మగవాళ్లది. మంచినీళ్లు, విస్తళ్లు, చెప్పుల వరస పిల్లలది. వంట ఒక పూట మీది, మరో పూట ఆడపడుచుది. భోజనాలు రెండు బంతులుగా పెట్టండి, మొదటి బంతిలో పిల్లలు, పెద్దవాళ్లు. రెండో బంతిలో వండినవాళ్లు కూర్చోవాలి, మొదటి బంతిలో తిన్న మగవాళ్లు వడ్డించాలి. అరిటాకులు పెరట్లో ఉంటే సరే. కొనవలసి వస్తే పెద్ద పండుగ ఒక్క పూటకే కొనండి, మిగతా పూటలకు ఇంట్లో స్టీలు కంచాలు. ఎవరి కంచం వాళ్లు కడిగితే కాగితం పళ్లేల ఖర్చు ఉండదు.

పడకల కోసం పరుపులు అద్దెకు తేనక్కర్లేదు. పక్కింటి నుంచి రెండు బొంతలు, చాపలు అడగండి, వచ్చేవాళ్లను తలా ఒక దుప్పటి తెచ్చుకోమనండి. జనవరి చలికి ఒకటి ఎక్కువైనా మంచిదే. గ్యాసు సిలిండరు మాత్రం రెండు వారాల ముందే బుక్ చేసి పెట్టుకోండి.

భోగిపళ్లు, పేరంటం, బొమ్మల కొలువు

భోగి సాయంత్రం చిన్నపిల్లలకు భోగిపళ్లు పోస్తారు. రేగిపళ్లు అర కిలో, సన్నగా తరిగిన చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు గుప్పెడు, బంతిపూల రేకలు, రూపాయి నాణేలు 30. ఇంతే. ఇప్పుడు కొందరు చాక్లెట్లు, బొమ్మల పొట్లాలు, వెనకాల బెలూన్ల తోరణం కూడా చేరుస్తున్నారు. ఫొటోలకు బాగుంటుందని. పాత చీర జరీ అంచు కనిపించేలా గోడకు కట్టి, దాని మీద బంతిపూల దండ వేయండి, ఫొటోకు అంతకంటే ఏం కావాలి?

పూలు, అరటిపళ్లు, తమలపాకుల ధర పండుగ ముందు రోజు ఎగబాకుతుంది. బంతిపూలు మూడు రోజుల ముందు కొని, తడిబట్టలో చుట్టి నీడలో పెడితే నిలుస్తాయి. తమలపాకులూ అంతే. అరటిపళ్లు నాలుగు రోజుల ముందు పచ్చి గెలగా తెచ్చుకుంటే సమయానికి పండుతాయి.

పేరంటానికి వచ్చే ముత్తైదువులకు పసుపు, కుంకుమ, పువ్వు, తమలపాకులు, వక్క, రెండు అరటిపళ్లు, గుప్పెడు శనగలు. కిలో శనగలు నానితే రెండింతలవుతాయి, పాతిక మందికి సరిపోతాయి. ఇది సంపూర్ణమైన తాంబూలం. దానికి తోడు ఏదో వస్తువు చేతిలో పెట్టాలన్నది ఈమధ్య వచ్చిన అలవాటు. మీరు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా మరో పేరంటంలో మరొకరి చేతికి వెళ్తుంది. ఏదైనా ఇవ్వాలనే ఉంటే మీ కుండీలోని తులసి మొక్క, లేదా కాగితంలో కట్టిన గోంగూర, బంతి విత్తనాలు ఇవ్వండి.

బొమ్మల కొలువుకు మెట్లు కొనవద్దు. పుస్తకాల కట్టలు, ట్రంకు పెట్టె, పీటల మీద పాత పట్టుచీర పరిస్తే మెట్లే. బేసి సంఖ్యలో ఉంటే చాలు. వారం ముందు మట్టి మూకుళ్లలో పిల్లల చేత ఆవాలు, మెంతులు చల్లించండి, పండుగ నాటికి పచ్చని చేలు వస్తాయి. ఏడాదికి ఒక్క బొమ్మ కొనండి, అది మంచిది కొనండి. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి ఎడ్లబండి కావచ్చు, లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మ కావచ్చు, నిర్మల్ బొమ్మ కావచ్చు. సంతలో దొరికే పది ప్లాస్టిక్ బొమ్మల ఖరీదుకు అటూ ఇటూగా ఒకటి వస్తుంది. పిల్లలు పెద్దవాళ్లయ్యేనాటికి కొలువు దానంతట అదే నిండుతుంది.

అల్లుడు, బట్టలు, చేతి డబ్బులు

2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం 365 రకాలతో విందు పెట్టిన సంగతి పత్రికల్లో అందరూ చూశారు. అప్పటి నుంచి ఏటా ఆ అంకెను దాటాలని ఎవరో ఒకరు ప్రయత్నిస్తూనే ఉన్నారు. చూడటానికి సరదాగానే ఉంటుంది. అయితే మీ ఇంటికి మొదటి పండుగకు వస్తున్న అల్లుడు అంత విస్తరి ముందు కూర్చుని తినేది పది రకాలు. ఆయనకు బాగా ఇష్టమైనవి రెండు ఏవో అమ్మాయిని ముందే అడిగి ఆ రెండూ బాగా వండండి. కట్నంలా మారే కానుకలకు అప్పు చేయడం మొదలైతే ఆ ఇంట్లో సంక్రాంతి అంటేనే భయం పుడుతుంది. బట్టలు పెట్టి, పళ్లతో తాంబూలం ఇచ్చి నమస్కారం చేయండి. అంతకుమించి పెట్టలేమన్న సంగతి అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి, అక్కడ సర్దిచెప్పవలసింది తనే కాబట్టి.

పిల్లల చేతిలో డబ్బులు పెట్టేటప్పుడు పెద్దలంతా ముందే ఒక మాట అనుకోండి. తలా 50 రూపాయలు అనుకుంటే అందరూ 50. ఒక మామయ్య 500 పెట్టి, ఇంకో బాబాయి 20 పెడితే, పిల్లలు మరిచిపోయినా పెద్దలు మరిచిపోరు.

హరిదాసు వచ్చే వేళకు గుమ్మం దగ్గర పళ్లెంలో బియ్యం పోసి ఉంచండి. పిల్లల చేత ఆయన అక్షయపాత్రలో పోయించండి. గంగిరెద్దుకు అరటిపండు, ఆడించేవాళ్లకు పాత బట్టలో, బియ్యమో, పదో ఇరవయ్యో. ఈ పద్దులో మాత్రం పిసినారితనం చూపకండి. ఏడాదికి ఒకసారి వస్తారు.

ఖర్చు లేని సరదా, ఖర్చు కనిపించని సరదా

గాలిపటాలు కొనే ముందు పాత వార్తాపత్రిక, చీపురు పుల్లలు, అన్నం మెతుకులు పిల్లల ముందు పెట్టండి. నాలుగింటిలో ఒకటి ఎగురుతుంది, మిగతావి ఎందుకు ఎగరలేదో వాదించుకోవడంలోనే మధ్యాహ్నం గడిచిపోతుంది. దారం నూలుదే కొనండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది, అది పిట్టల రెక్కలూ బండి మీద వెళ్లేవాళ్ల మెడలూ కోస్తుంది. వాన పడితే అష్టాచెమ్మా, గవ్వలు, వామనగుంటలు, తంబోలా. ముగ్గుల పోటీ ఇంట్లోనే పెట్టుకోండి, మగవాళ్లు ముగ్గులేయాలి, ఆడవాళ్లు మార్కులు వేయాలి.

ఇక బడ్జెట్ కాగితాల్లో ఎవరూ రాయని పద్దు కోడిపందేలు, పేకాట. చట్టం ఒప్పుకోదని అందరికీ తెలుసు, అయినా బరుల చుట్టూ జనం తగ్గరు. మూడు రోజుల పొదుపంతా ఒక గంటలో పోయేది అక్కడే. ఇంట్లోంచి ఎవరైనా "ఊరికే చూసొస్తాం" అని బయలుదేరితే పర్సు, ఫోను ఇంట్లో పెట్టి వెళ్లమనండి.

వెళ్లేటప్పుడు, వెళ్లాక

ఆడపడుచుకు రవికె గుడ్డ, పసుపు కుంకుమ, పిండివంటల డబ్బా. అటక మీద దాచిన రెండో డబ్బా ఇప్పుడు దించండి. ఒక్కొక్క కుటుంబానికి అయిదు అరిసెలు, గిన్నెడు జంతికలు. కొత్త డబ్బాలు కొనకుండా, వచ్చేటప్పుడే ఖాళీ డబ్బా తెచ్చుకోమని చెప్పి ఉంటే ఇంకా మంచిది. ముక్కనుమ పొద్దున అట్లు వేసి, దారికి చింతపండు పులిహోర పొట్లాలు కట్టండి. సాయంత్రం దాకా పాడవదు.

అందరూ వెళ్లాక ఒక పాత డైరీలో మిగిలినవి రాయండి. ఖర్చు ఎంతయిందో ఎలాగూ రాస్తారు, ఏది ఎంత మిగిలిందో ఎవరూ రాయరు. "బొబ్బట్లు 14 మిగిలాయి, పెరుగు చాలలేదు, నువ్వుండలు రెండో రోజే అయిపోయాయి." వచ్చే ఏడాది కిరాణా జాబితా ఇదే.

మార్చి నుంచి డిసెంబరు దాకా నెలకు 1,000 చొప్పున దాస్తే పది నెలల్లో ఈ 10,000 చేతికొస్తుంది. బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ తెరవవచ్చు, డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ వేయవచ్చు. పండుగ చీటీలంటూ వీధుల్లో తిరిగి కట్టించుకునేవాళ్లు నూనె డబ్బా, స్టీలు బిందె ఆశ చూపుతారు. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీ కాకపోతే, అడిగేది తెలిసినావిడే అయినా సరే, కట్టకండి.